లియాన్‌లో అమ్మానాన్నలను భోజనానికి తీసుకెళ్ళే ముందు

చిట్టీ,

అమ్మానాన్నలు వస్తున్నారు, మంచి పాత హోటల్ చెప్పు పెద్దమ్మా అని రాశావు. పెరాష్ రైల్వే స్టేషన్ పక్కనున్న బ్రాస్రీ జార్జ్‌కి తీసుకెళ్ళు. ఇంకెక్కడా వెతకకు.

ఫ్రాన్స్‌లోనే తూర్పున ఉన్న అల్సాస్ ప్రాంతం నుంచి వచ్చిన జార్జ్ హాఫెర్ 1836లో అక్కడ బీరు కాచి అమ్మడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆ స్టేషన్ ఇంకా కట్టనేలేదు. లోపలికెళ్ళగానే మీ నాన్నని పైకి చూడమను. వందల మంది పట్టే హాలు, మధ్యలో ఒక్క స్తంభం ఉండదు. పెద్ద పెద్ద దూలాలే ఆ కప్పుని మోస్తున్నాయి. సివిల్ ఇంజనీరు కదా, చాలాసేపు చూస్తాడు, తొందరపెట్టకు.

ఇక తిండి. అక్కడ అందరూ తెప్పించుకునేది షూక్రూట్. క్యాబేజీని సన్నగా తరిగి, ఉప్పు వేసి, దానంతట అదే పులిసేదాకా ఉంచి వండుతారు. మన ఆవకాయకి ఉన్నంత అభిమానం అల్సాస్ వాళ్ళకి దానిమీద. కానీ పైన పెట్టే సాసేజులు, మాంసం అంతా పందిదే. మీ నాన్న తినడు కాబట్టి ఆయనకి కెనెల్ చెప్పు. అది అచ్చంగా లియాన్ వంట: పైక్ అనే మంచినీటి చేపని మెత్తగా నూరి, పిండి, గుడ్లు, వెన్న కలిపి చేస్తారు. ఓవెన్‌లో బాగా పొంగుతుంది, కాసేపట్లోనే కుంగిపోతుంది. అందుకే ప్లేటు రాగానే తినమను, ఫోటోలు తర్వాత. ఆందుయెట్ జోలికి మాత్రం పోవద్దు. పేగులతో చేసే సాసేజ్ అది, ఆ వాసన మొదటిసారి తట్టుకోవడం కష్టం.

శాకాహారి అయిన మీ అమ్మ గురించే నాకు టెన్షన్. ఉల్లిపాయ సూప్ అనగానే సరేనంటుంది. కానీ చాలాచోట్ల దాన్ని ఎముకల రసంతో కాస్తారు. లియాన్ సలాడ్‌లోనూ పంది ముక్కలుంటాయి. టేబుల్ బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో ఫ్రెంచ్‌లో అడుగు: మాంసం, చేప, మాంసం రసం ఏదీ లేకుండా ఏం పెట్టగలరని. అక్కడికెళ్ళాక, రద్దీలో వెయిటర్‌ని నిలబెట్టి అడిగితే సరైన జవాబు రాదు.

నీళ్ళ సీసా కొనకు, "కరాఫ్ దో" అని అడిగితే కుళాయి నీళ్ళు ఉచితంగా ఇస్తారు. సర్వీస్ చార్జీ బిల్లులోనే ఉంటుంది, టిప్పు నీ ఇష్టం. చివర్లో ఒమ్లెట్ నార్వేజియెన్ తెప్పించు. పేరు అలా ఉన్నా అది ఐస్‌క్రీమే, పైన మద్యం పోసి మంట వెలిగిస్తారు. ఆ సంగతి అమ్మకి ముందే చెప్పు.

మీ పెద్దమ్మ