శక్తి పుడుతుందా, రాబట్టుకుంటామా?

సందేహం: పాలిటెక్నిక్ పిల్లల కోసం తెలుగులో నోట్సు రాస్తున్నాను. "స్విచ్ ఆపిన ప్రతిసారీ తీగచుట్టలో అధిక వోల్టేజి పుడుతుంది. అలా ఉత్పత్తయిన శక్తిని డయోడ్ ద్వారా కెపాసిటర్‌లోకి పంపి వాడుకోవచ్చు" అని రాశాను. 'ఉత్పత్తయిన' తప్పని తోటి లెక్చరర్ అంటున్నారు. 'పునరుద్ధరించిన' అనాలా? ఇలా వోల్టేజి ఒక్కసారిగా పైకి లేవడాన్ని 'స్పైక్' అంటారు కదా, దానికి తెలుగు మాట ఉందా?

సమాధానం: మీ తోటి లెక్చరర్ చెప్పిందే నిజం. తేడా ఒక్క మాటే అయినా విషయం తారుమారవుతుంది.

మొదటి వాక్యంలో 'పుడుతుంది' బాగానే ఉంది. కరెంటు తెగిన క్షణంలో అంత వోల్టేజి నిజంగానే పుడుతుంది. 12 వోల్టుల రిలేకు (తీగచుట్టతో పనిచేసే స్విచ్) అడ్డంగా డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) పెట్టకపోతే అది వంద వోల్టులు దాటగలదు. శక్తి సంగతి వేరు. స్విచ్ వేశాక కరెంటు పెరుగుతున్నప్పుడే అది బ్యాటరీ నుంచి వచ్చి, తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో చేరి కూర్చుంది. 0.1 హెన్రీ తీగచుట్టలో 0.5 ఆంపియర్ పారుతుంటే అక్కడ దాగినది 0.0125 జౌలు. వోల్టేజి ఎంత ఎత్తుకు లేచినా అంతకు మించి రాదు. పైగా తీగ వేడికీ డయోడ్‌కూ కొంత పోతుంది. 'ఉత్పత్తి' అని చదివిన కుర్రాడు ఇక్కడ కొత్త శక్తి దొరుకుతుందనుకుంటాడు. నాకు బాధ కలిగించేది అదే.

'పునరుద్ధరణ' వద్దు. కరెంటు విషయంలో ఆ మాట ఇప్పటికే స్థిరపడిపోయింది. గాలివానకు స్తంభాలు కూలితే "సరఫరా పునరుద్ధరించారు" అంటాం.

మీకు కావలసింది 'రాబట్టు'. రాన్ + పట్టు, ద్రుతం (చివరి 'న్') మీది పకారం బకారమైంది. 'రా'కు మామూలు ప్రేరణార్థకం 'రప్పించు', అది ఎక్కువగా మనుషులకు వాడతాం: డాక్టరును రప్పించారు. రాబట్టేది మాత్రం అప్పటికే ఎక్కడో ఉన్నదాన్ని. బాకీ రాబట్టుకుంటాం, నిందితుడి నుంచి నిజం రాబడతారు. ఇచ్చింది లేకపోతే బాకీ ఉండదు, దాచింది లేకపోతే నిజం బయటపడదు. తీగచుట్టలో జరిగేదీ ఇదే కదా! అదే 'రా' నుంచి వచ్చిన 'రాబడి' మాత్రం ఇక్కడ పనికిరాదు, అది కొత్తగా వచ్చే ఆదాయాన్ని సూచిస్తుంది.

ఇక స్పైక్. నామవాచకంగా 'స్పైక్' అనే రాయండి, పిల్లలు ల్యాబ్‌లో వినేది అదే. దాన్ని 'మేకు' అనో 'ముల్లు' అనో మారిస్తే ఎవరికీ అర్థం కాదు. క్రియ కావాలంటే మాత్రం మనకు చక్కని మాట ఉంది: ఎగదన్ను. దుఃఖం ఎగదన్నింది అంటాం కదా, లోపల ఉన్నది ఒక్కసారిగా పైకి తన్నుకు రావడం. పాత ట్యూబ్‌లైటు గుర్తు చేసుకోండి. స్టార్టరు టిక్కుమని తెరుచుకోగానే చోక్‌లో (అదీ తీగచుట్టే) వోల్టేజి ఎగదన్నుతుంది, లైటు వెలుగుతుంది. క్లాసులో ఇది చూపిస్తే మాటా విషయమూ రెండూ మనసుకెక్కుతాయి.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: "స్విచ్ ఆపిన ప్రతిసారీ తీగచుట్టలో వోల్టేజి ఎగదన్నుతుంది. అప్పటికే అందులో నిలవ ఉన్న శక్తిలో కొంత భాగాన్ని డయోడ్ ద్వారా కెపాసిటర్‌లోకి రాబట్టుకోవచ్చు." 'కొంత భాగాన్ని' అన్నది మాత్రం తీసేయకండి.