సంతకం పెట్టే ముందు మీవాడితో మాట్లాడండి

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా బాబు విజయనగరంలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు బట్టలు నానబెడుతుంటే జీన్స్ జేబులో వేప్, అదే ఈ-సిగరెట్, దొరికింది. పెన్‌డ్రైవ్ అనుకున్నాను, మామిడిపండు వాసనొచ్చింది. నిలదీస్తే "సిగరెట్ కాదు కదమ్మా, పీలిస్తే కేసు కూడా లేదు" అన్నాడు. ఇప్పుడు కాలేజీవాళ్లు క్యాంపస్‌లో వేప్ నిషేధిస్తామని, దొరికితే హాస్టల్ నుంచి పంపేస్తామని తల్లిదండ్రుల సంతకాలు అడుగుతున్నారు. పెడితే ముందు బయటికొచ్చేది మావాడేనేమో! మావారికి తెలిస్తే చదువు మాన్పించేస్తారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: సంతకం పెట్టండమ్మా. కానీ ఆ కాగితం మీద మీ మాట కూడా రాసి పెట్టండి.

మీవాడు చెప్పినదాంట్లో సగం నిజమే. 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలు నిషేధించింది. సొంతానికి పీల్చేవాడికి విడిగా శిక్ష రాయలేదు. మరి అమ్మడమే నేరమైన వస్తువు వాడి జేబులోకి ఎలా వచ్చింది? దొంగచాటుగా వచ్చిన సరుకులో ఏం పోశారో, నికోటిన్ ఎంతుందో ఎవరిని అడుగుతాం? ఇంకోటి కూడా అడగండి: డబ్బులు పోగేసి ఫ్రెండ్స్‌కి కూడా వీడే తెప్పిస్తున్నాడా? మొహమాటానికి పిల్లలు ఇలాంటివి నెత్తినేసుకుంటారు. అది అమ్మకం కిందికి వస్తే మొదటిసారికే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. నాకు భయమేసేది ఇక్కడే.

సిగరెట్ కాదు కాబట్టి ఫర్వాలేదంటే మాత్రం ఒప్పుకోకండి. వీటిలో చాలావాటిలో ఉండేది ఆ నికోటినే. మానితే మొదట్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, పుస్తకం మీద మనసు నిలవకపోవడం ఉంటాయి. కొన్ని వారాల్లో తగ్గుతాయి. కాబట్టి రేపు సెమిస్టర్ పరీక్షలనగా ఇవాళ ఒట్టేయించుకోకండి. టెన్షన్‌కి మళ్లీ మొదలుపెడతాడు, ఈసారి మీకు దొరక్కుండా.

నిషేధం ఉండాల్సిందే. నలుగురు పడుకునే గదిలో ఒకడు పీలిస్తే మిగతా ముగ్గురికీ ఆ పొగ తప్పదు. ఫస్టియర్ పిల్లలు వాసన బాగుందని ఓ దమ్ము లాగి చూస్తారు. కానీ గెంటేస్తే ఏమవుతుంది? బయట రూమ్ తీసుకుంటాడు, అక్కడ అడిగే వార్డెన్ కూడా ఉండడు. అందుకే సంతకం కింద రాయండి: మొదటిసారి దొరికితే ఇంటికి కబురు చేసి కౌన్సెలింగ్‌కి పంపాలి, తెచ్చి అమ్మేవాళ్లని వదలకూడదు. 2003 చట్టం ప్రకారం కాలేజీకి వంద గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదు. గేటు దగ్గర బడ్డీకొట్టు ఉంటే దాని సంగతీ అడగండి. "సిగరెట్లకి లేని రూలు మాకేనా" అని పిల్లలంటే తప్పు పట్టలేం.

మీవారికి చెప్పక తప్పదు. అయితే చెప్పబోతున్నానని ముందు అబ్బాయికి చెప్పండి. మన సిక్కోలు పల్లెల్లో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే మామ్మలు ఎందరు! అంగిట్లో క్యాన్సరొస్తుందని డాక్టర్లు మొత్తుకున్నా మానలేకపోయారు. అలాంటప్పుడు చదువు మాన్పించినంత మాత్రాన వీడికి అలవాటు వదులుతుందా అని ఆయన్నే అడగండి.

పొగాకు మానాలనుకునేవాళ్లకి 1800-11-2356 ఉచిత ప్రభుత్వ లైన్. మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ మాత్రం వాడే చెయ్యాలి. రోజుకి ఎన్నిసార్లు, లేవగానే కావాలనిపిస్తుందా అని వాళ్లడిగితే మీ దగ్గర జవాబుండదు.