కొత్త స్లాబు కారుతోంది, కాంట్రాక్టరుకు మిగతా డబ్బు ఇవ్వాలా?

ప్రశ్న: మా ఇంటి మీద పై అంతస్తు వేయించాం. మెటీరియల్‌తో కలిపి 14 లక్షలకు కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. అగ్రిమెంటు రాసుకోలేదు. వాట్సాప్‌లో కొటేషన్ పంపాడు, సరే అన్నాం. విడతలవారీగా 12 లక్షలు బ్యాంకు ద్వారా ఇచ్చాం. మొదటి వానలకే స్లాబు కారి ఫాల్స్ సీలింగ్, కొత్త వార్డ్‌రోబ్ పాడయ్యాయి. బాగుచేస్తేనే మిగతా 2 లక్షలు ఇస్తామన్నాం. ‘ముందు డబ్బు, తర్వాతే రిపేరు’ అంటున్నాడు. సెక్యూరిటీ కోసమని నా సంతకంతో తీసుకున్న ఖాళీ చెక్కు అతని దగ్గరే ఉంది. బ్యాంకులో వేస్తానని బెదిరిస్తున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది. పోలీసులకు ఫిర్యాదు చేయాలా? కాగితం లేకుండా కేసు నిలుస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: చెక్కు సంగతి మీరు చివర్లో రాశారు గానీ, ముందు చూడాల్సింది అదే. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కులో అంకెలు అవతలివాళ్లు నింపుకున్నా, అది బాకీ కింద ఇచ్చిందేనని కోర్టు మొదట అనుకుంటుంది. బిర్ సింగ్ వర్సెస్ ముఖేష్ కుమార్ కేసులో 2019లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బాకీ లేదనో, అంత లేదనో చూపించాల్సింది మీరే. ఆ చెక్కుకు డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకు చెబితే (స్టాప్ పేమెంట్) గొడవ వదిలిపోతుందని చాలామంది అనుకుంటారు. వదలదు. ఆ కారణంతో చెక్కు తిరిగొచ్చినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్కు బౌన్స్ కేసు పెట్టొచ్చు.

అందుకే అతను చెక్కు వేయకముందే మీరు నోటీసు పంపండి. స్లాబు కారుతోందని, ఏమేం పాడయ్యాయని, ఆ 2 లక్షల మీద వివాదం ఉందని, చెక్కు తిరిగివ్వమని అందులో స్పష్టంగా రాయించండి. ఆ తర్వాత స్టాప్ పేమెంట్ ఇచ్చినా, ఎందుకిచ్చారో రికార్డులో ఉంటుంది. ఒకవేళ చెక్కు బౌన్స్ అయితే, బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన 30 రోజుల్లోపు అతను మీకు నోటీసు ఇవ్వాలి. అది మీకు అందాక చెక్కు సొమ్ము చెల్లించడానికి 15 రోజుల గడువుంటుంది. ఆ నోటీసును మాత్రం బీరువాలో పెట్టి మర్చిపోకండి, వెంటనే లాయరుతో జవాబు ఇప్పించండి.

ఇక 2 లక్షలు. జరిగిన నష్టం మేరకు మినహాయించుకోవడం వేరు, మొత్తం ఇవ్వనని కూర్చోవడం వేరు. ఇక్కడే ఇంటివాళ్లు ఎక్కువగా పొరపాటు చేస్తారు. ఉదాహరణకు రిపేరుకు 70 వేలు, వార్డ్‌రోబ్, సీలింగ్‌లకు 40 వేలు అవుతాయనుకుందాం. మీ నష్టం లక్షా పదివేలు, మిగతా 90 వేలు అతనికి మీరు బాకీయే. ఆ 90 వేలు ఇవ్వడానికి సిద్ధమని నోటీసులోనే రాస్తే మీ మాటకు బలం వస్తుంది. నష్టం 2 లక్షలు దాటితే, పైన అయినది మీకే రావాలి. అతను డబ్బు కోసం సివిల్ కోర్టుకు వెళ్తే (సాధారణంగా మూడేళ్ల గడువుంటుంది), అదే దావాలో మీ నష్టం కోసం మీరు ఎదురు దావా (కౌంటర్ క్లెయిమ్) వేసుకోవచ్చు. అన్నట్టు, అతని మిక్సరో సెంట్రింగ్ సామానో మీ ఇంట్లో ఉండిపోతే, డబ్బు సంగతి తేలేదాకా ఇవ్వబోమని పట్టుకోకండి. మీ మంచి కేసు అక్కడే పాడవుతుంది.

అసలు చిక్కు రిపేరు దగ్గరుంది. వెంటనే వేరే మేస్త్రిని పిలిచి వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తే, లోపం కళ్లకు కనబడే సాక్ష్యం పోతుంది. అలాగని కేసు తేలేదాకా వానకు వదిలేస్తే, పెరిగిన నష్టం ఇప్పించమని అడగలేరు. నష్టాన్ని తగ్గించుకునే వీలు ఉండి కూడా ఊరుకున్నారా అన్నది లెక్కలోకి తీసుకోవాలని కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఫలానా తేదీన సివిల్ ఇంజనీరు వచ్చి చూస్తారని, ఆ రోజు హాజరు కమ్మని, తర్వాత ఇన్ని రోజుల్లో బాగుచేయకపోతే వేరేవాళ్లతో చేయించి ఖర్చు అతని దగ్గరే రాబడతామని కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. రాకపోతే అతనిష్టం. ఈలోపు స్లాబు మీద టార్పాలిన్ కప్పుకోండి.

ఇంజనీరు రిపోర్టులో ‘స్లాబు కారుతోంది’ అని ఉంటే చాలదు, ఎందుకు కారుతోందో ఉండాలి. కాంక్రీటులో ఖాళీలా, వాలు సరిగ్గా లేదా, పైపు జాయింటు దగ్గరా? స్లాబు మీద నీళ్లు కట్టి పరీక్ష చేయించండి. ఎందుకంటే రేపు కాంట్రాక్టరు వాదన ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పగలను: ‘క్యూరింగ్‌కు నీళ్లు కొట్టాల్సింది వాళ్లే, సరిగ్గా కొట్టలేదు.’ లేదంటే ‘డిష్ బిగించడానికి వాళ్లే డ్రిల్లింగ్ చేయించారు.’ నిజంగా అలాంటిదేమైనా చేయించి ఉంటే మీ లాయరు దగ్గర దాచకండి.

కాగితం లేదని బెంగ వద్దు. నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది. పైగా మీకు కొటేషన్, బ్యాంకు చెల్లింపులు ఉన్నాయి. వాట్సాప్ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా, అసలు చాట్ ఉన్న ఫోన్‌ను అలాగే ఉంచండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డులతో పాటు సర్టిఫికెట్ జతచేయాలి. అది మీ లాయరు తయారుచేస్తారు.

కేసు ఎక్కడ వేయాలంటే, మీకు జిల్లా వినియోగదారుల కమిషన్ మేలు. ఇల్లు కట్టిపెట్టడం సేవ కిందికే వస్తుందని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో స్పష్టంగా ఉంది. ‘డబ్బు మొత్తం ఇవ్వలేదుగా, నువ్వు వినియోగదారువి కాదు’ అని అతను అంటే నమ్మకండి. కొంత చెల్లించి, మిగతాది ఇస్తామని ఒప్పుకున్నవారు కూడా వినియోగదారులే. చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధిలోనే ఉంటుంది. మీరిచ్చింది 12 లక్షలు కాబట్టి ఫీజు 400 రూపాయలు. కాంట్రాక్టరు ఎక్కడివాడైనా, మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. రిపేరు ఖర్చు, పాడైన సామాను విలువ, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు అన్నీ ఒకే ఫిర్యాదులో అడగండి. సామాను బిల్లులు వెతికి పెట్టుకోండి.

పోలీసుల దగ్గరికి ఇప్పుడే వద్దు. చీటింగ్ కేసు కావాలంటే మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉండాలి. పని నాసిరకంగా చేయడం ఒక్కటే చీటింగ్ కాదు, సివిల్ తగాదా అని స్టేషన్లో పంపేస్తారు. మనుషులతో ఇంటి మీదికొచ్చి బెదిరిస్తే మాత్రం ఆలోచించకుండా ఫిర్యాదు ఇవ్వండి.

లాయరు ఫీజు భారమనిపిస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయం ఇస్తారు. కేసు వేయకముందే రాజీకి ప్రయత్నించాలన్నా అక్కడి లోక్ అదాలత్‌లో వీలుంటుంది. రాజీ కుదిరితే మీ చెక్కు తిరిగిచ్చే షరతు కూడా అందులో రాయించండి.