ఫోన్‌కి బాప్తిస్మం ఇవ్వొచ్చా అని అడిగాడు మా సండేస్కూలు కుర్రాడు

ఏఐ ఇంత బాగా మాట్లాడుతోంది కదా, దానికీ ఆత్మ ఉందని రేపు క్రైస్తవులు ఒప్పుకోవాల్సిందేనా అని ఒకరు నన్ను అడిగారు. ఇదే సంగతి మా సండేస్కూల్లో ఏడో తరగతి కుర్రాడు ఇంకోలా అడిగాడు. "అన్నయ్యా, ఫోన్లో ఉన్నదానికి బాప్తిస్మం ఇవ్వొచ్చా?" మాది నరసన్నపేట దగ్గర ఊరు, బాప్టిస్టు సంఘం. వంశధారలో ముంచి ఇస్తారు. ఫోన్‌ని ముంచితే ఏమవుతుందో తెలుసు కాబట్టి క్లాసంతా ఒకటే నవ్వులు. నేనూ నవ్వేశాను గానీ జవాబు మాత్రం తోచలేదు.

ఇంటికెళ్లి ఆదికాండము 2:7 తీశాను. దేవుడు నేలమంటితో నరుని చేసి, ముక్కులో జీవవాయువు ఊదగా "నరుడు జీవాత్మ ఆయెను". ఆయెను అంటోంది, ఆత్మని తెచ్చి లోపల పెట్టాడని అనడం లేదు. మనమేమో ఆత్మ అనగానే ఒంట్లో దూరి, చచ్చాక బయటికొచ్చే వస్తువని ఊహించుకుంటాం. (మా ఊళ్లో సగం మందికి ఆత్మంటే దెయ్యమే.) అక్కడ హెబ్రీలో ఉన్న మాట నెఫెష్. మొదటి అధ్యాయంలో చేపలకీ పశువులకీ వాడింది కూడా అదే మాట. చేపకి తెలివెంత? అయినా దానికి ఆ మాట దక్కింది. కాబట్టి తెలివి చూసి ఆత్మని లెక్కగట్టే పద్ధతి బైబిల్లో లేదు.

మరి మనిషి ప్రత్యేకత ఏమిటి? దేవుని స్వరూపంలో చేయబడ్డాడు. నా మట్టుకు దాని అర్థం ఆదికాండము 3:9లో తెలిసొస్తుంది. పండు తిని చెట్ల చాటున దాక్కున్న ఆదాముని దేవుడు "నీవు ఎక్కడ ఉన్నావు" అని పిలిచాడు. జవాబు చెప్పుకోవాల్సినవాడు కాబట్టే దాక్కున్నాడు.

ఈ జవాబు చెప్పుకోవడమనే సంగతి నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. పోయినేడు ఒక గృహకూడికలో వాక్యం చెప్పమన్నారు. టైం లేక ఏఐని అడిగాను. సహనం మీద చక్కటి వచనం ఇచ్చి, యాకోబు 5:23 అని రాసింది. చూసుకోకుండా చదివేశాను. టీ ఇస్తుంటే ఒక ముసలామె దగ్గరికొచ్చింది. చదువు రాదు, చిన్నప్పటినుంచీ విని నేర్చుకున్న వాక్యమే. "ఆ మాట వాక్యంలో నేదు బాబూ. ఎక్కడ దొరికినాది నీకు?" బైబిలు తెరిస్తే ఆ అధ్యాయంలో ఉన్నవి 20 వచనాలే.

ఫోన్‌ని నిలదీశాను. "క్షమించండి, పొరపాటైంది" అని ఇంకో రిఫరెన్స్ ఇచ్చింది. అదీ తప్పే. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ అదే మర్యాద, అదే క్షమాపణ. నాకేమో చెవులు వేడెక్కిపోయాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు రాసింది అది, సిగ్గుపడింది నేను. బాప్తిస్మానికి ముందు కావాలని మనం చెప్పే మారుమనస్సు, అంటే పశ్చాత్తాపం, ఆ సిగ్గులోంచే మొదలవుతుంది. దేవుడి ముందు తలదించుకోవడానికి అక్కడ ఎవరూ లేనప్పుడు బాప్తిస్మం ఎవరికిస్తాం?

దేవుడు తలచుకుంటే యంత్రానికి ఆత్మ ఇవ్వలేడా అంటారా? కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడైన ఆలన్ ట్యూరింగ్, యంత్రాలు ఆలోచించగలవా అని 1950లో రాసిన వ్యాసంలో ఈ మాటే ఎత్తాడు, ఇష్టమైతే ఏనుగుకైనా ఇవ్వగలడు కదా అని. మంచి పాయింటే. దేవుడికి హద్దులు గీయడానికి నేనెవణ్ణి? కానీ అది ఆయన ఇస్తే వచ్చేది, పెద్ద కంప్యూటర్లు కొంటే వచ్చేది కాదు. 2025 జనవరిలో క్యాథలిక్ సంఘ కేంద్రమైన వాటికన్ ఇచ్చిన 'ఆంటిక్వా ఎత్ నోవా' పత్రం కూడా ఏఐని మనిషి తెలివి తయారుచేసిన వస్తువుగానే చూడమంది. మేం క్యాథలిక్కులం కాకపోయినా నాకది సబబుగానే అనిపించింది.

తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాను. బయటికొస్తుంటే ఆ ముసలామె చెయ్యి పట్టుకుని, "ఈపాలి ఆ ఫోన్ని అడక్కు బాబూ, నన్నడుగు" అంది. అప్పటినుంచి శనివారం సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చుని, పాఠం ఆమెకి చదివి వినిపించాకే సండేస్కూలుకి తీసుకెళ్తున్నాను.