ఆల్బర్ట్ విగ్రహం దగ్గర అని మాత్రం చెప్పుకోకండి

చిక్కడపల్లి, హైదరాబాద్

బిడ్డా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వు కవెంట్రీ నుంచి లండన్ పోయి రాయల్ ఆల్బర్ట్ హాల్లో కచేరీ వినబోతున్నావని. సంతోషంతో కొంత, భయంతో కొంత, తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. కాఫీ కూడా తాగకుండా కూర్చుని ఇది రాస్తున్నాను. వాట్సాప్‌లో చెప్తే నువ్వు బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటావు. అందుకే కాగితం మీద రాసి, ఫోటోలు తీయించి పంపిస్తున్నాను. చివరిదాకా చదువు.

ముందు సంతోషం సంగతి. పగలు క్లాసులు, సాయంత్రాలు షాపులో పని, ఆ మిగిలిన కాస్త టైములో నిద్ర. ఇంతలో కూడా పాట వినాలనిపించిందంటే నీకు మీ అమ్మమ్మ బుద్ధే వచ్చింది. ఆమె ఉండుంటే ఇవాళ పొద్దున్నే పరమాన్నం వండి పక్క ఫ్లాట్ వాళ్లకు కూడా పంచేది. నువ్వు పోతున్న ఆ ప్రామ్స్ అనే పాశ్చాత్య సంగీత కచేరీలు 1895లో మొదలయ్యాయి. అప్పుడు క్వీన్స్ హాల్ అని వేరే చోట జరిగేవి. 1941లో జర్మన్ బాంబులకు అది కాలిపోయాక ఆల్బర్ట్ హాలుకు వచ్చాయి. ఎండాకాలంలో ఎనిమిది వారాల పాటు జరుగుతాయి. హాలు నట్టనడుమ కుర్చీలు ఉండవు, జనం నిలబడి వింటారు. నీ టికెట్టు 8 పౌండ్లేనని మీ అమ్మ అంటే రెండుసార్లు అడిగాను. అంత పెద్ద వాద్యబృందం ముందు, వాయించేవాళ్ల మొహాలు కనబడేంత దగ్గర్లో, ఆ డబ్బుకు నిలబడనిస్తున్నారంటే వాళ్లకు దణ్ణం పెట్టాలి.

చిన్న చిన్న సంగతులు తొందరగా చెప్పేస్తాను. చిన్న సంచీ తీసుకుపో, గేటు దగ్గర వెతుకుతారు. ఎండాకాలమే కదా అనుకోకు, స్వెటర్ ఉండాలి. ఫోన్‌కు నిండా ఛార్జింగ్ పెట్టుకుని, లోపలికి పోగానే కట్టేసెయ్. ఒక భాగం అయిపోగానే చప్పట్లు కొట్టకు, అందరూ కొట్టినప్పుడు కొట్టు. మన త్యాగరాయ గానసభలో లాగా నడుమ లేచి బయటికి పోయి రావడం అక్కడ కుదరదు. ఆలస్యంగా పోతే ఒక అంశం పూర్తయ్యేదాకా బయటే ఆపేస్తారు.

నిలబడడం గురించి మాత్రం డాక్టరుగా చెప్తున్నాను. నువ్వు శనివారం ఒక్కపొద్దు ఉంటావని నాకు తెలుసు. కచేరీ శనివారమైతే ఆ వారానికి మానెయ్, వెంకటేశ్వరస్వామితో నేను మాట్లాడతాను. ఖాళీ కడుపుతో, మోకాళ్లు బిగబట్టి, కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. తలకు చాలినంత అందదు, కళ్లు తిరుగుతాయి. ఆపరేషన్ థియేటర్లో మొదటిసారి నిలబడ్డ మెడికల్ స్టూడెంట్లు అలాగే పడిపోతారు. ముప్ఫై అయిదేళ్లు మత్తు డాక్టరుగా పేషెంట్‌ని చూసుకుంటూనే వాళ్లనూ ఓ కంట కనిపెట్టాల్సి వచ్చేది. పోయేముందు అన్నం తిను. నీళ్లు తాగు. నిలబడ్డప్పుడు మడమలు కొంచెం లేపుతూ దించుతూ పిక్కలు కదిలించు. చెవుల్లో హోరుమని, చెమట పట్టినట్టయితే ఉన్నచోటే కింద కూర్చో. ఎవరో చూస్తారని సిగ్గుపడకు. నిలబడి పడిపోతే తల పగులుతుంది బిడ్డా.

ఇక అసలు విషయం.

మీ అమ్మ మాటల్లో మాటగా ఒకటి అంది. నలుగురు అమ్మాయిలు పోతున్నారట. నాలుగు టికెట్లూ ఒకమ్మాయి ఫోన్‌లో ఉన్నాయట. తలా ఒక చోటు నుంచి వచ్చి "ఆల్బర్ట్ విగ్రహం దగ్గర" కలుసుకుంటారట. ఆ మాట వినగానే నా చేతిలో ఫోన్ వణికింది. మీ అమ్మకేం చెప్పలేదు. తనకీ కథ తెలియదు. మీ అమ్మమ్మ ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

1974 మార్చి. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. లండన్‌కు కొంచెం ఎడంగా ఒక ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. మీ అమ్మమ్మ పెళ్లయి వచ్చి ఏడాదిన్నర. బొగ్గు గనుల గొడవతో ఆ చలికాలం అక్కడ కరెంటుకు కటకట, ఫ్యాక్టరీలు వారానికి మూడు రోజులే నడిచాయి. కొవ్వొత్తి వెలుగులో వంట చేసుకుంటూ ఆమె హైదరాబాద్ తలచుకుని దిగులుపడేది. అలాంటప్పుడు లతా మంగేష్కర్ ఆల్బర్ట్ హాల్లో పాడుతున్నారని తెలిసింది. మన దేశం నుంచి ఆ హాల్లో పాడుతున్న మొదటి మనిషి ఆమేనని అందరం గొప్పగా చెప్పుకున్నాం. ఇంటిఖర్చు డబ్బుల్లోంచి మీ అమ్మమ్మ మిగిల్చి డబ్బాలో దాచింది. ఆ డబ్బుతోనే రెండు టికెట్లు కొన్నాను. రెండూ నా కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను, పారేసుకుంటుందని ఆమెకు ఇవ్వలేదు.

ఆ వారం ఆమె సౌతాల్‌లో పిన్ని కూతురి ఇంట్లో ఉంది. పొద్దున వార్డు ఫోన్ నుంచి చేశాను. "ఎక్కడ ఉండమంటారు?" అంది. "హాలు దగ్గర ఆల్బర్ట్ విగ్రహం ఉంటుంది, అక్కడ నిలబడు" అన్నాను. డ్యూటీ అయిపోగానే పరుగెత్తి, హైడ్ పార్క్ కార్నర్ నుంచి బస్సెక్కి హాలు ముందు దిగాను. రోడ్డు దాటి పార్కులోకి పోతే పెద్ద మండపం కింద కూర్చుని ఉన్నాడు ఆల్బర్ట్, విక్టోరియా రాణి మొగుడు. ఇప్పుడు నువ్వు చూసేసరికి బంగారు పూతతో మెరుస్తుంటాడు. 1998లో బాగుచేసేదాకా ఆ విగ్రహం నల్లగా ఉండేది. దాని కింద నిలబడ్డాను.

ఆమె రాలేదు. జనం గుంపులు గుంపులుగా లోపలికి పోయారు. పట్టుచీరలు, మల్లెపూల బదులు జడల్లో ప్లాస్టిక్ పూలు. వేళయింది, రోడ్డంతా ఖాళీ అయింది. కాసేపటికి లోపలి నుంచి చప్పట్లు, రేకుల మీద వడగళ్లు పడ్డట్టు. నాకు కోపం నషాళానికి అంటింది. ఏ చీర కట్టుకోవాలో తేల్చుకోలేక ఆలస్యం చేసిందని మనసులోనే తిట్టుకుంటూ హాలు చుట్టూ తిరిగాను. ఆ హాలు గుండ్రంగా ఉంటుంది, చుట్టూ పన్నెండు తలుపులు. అదే సమయంలో ఆమె కూడా నన్ను వెతుక్కుంటూ తిరిగిందట. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే ఇద్దరు ఒకే దిక్కుకు, ఒకే నడకలో పోతుంటే ఎంతసేపటికీ ఎదురుపడరు కదా. మేం అలాగే తిరిగాం. నేను మళ్లీ నా ఆల్బర్ట్ దగ్గరికి పోయి నిలబడ్డాను.

గంట దాటాక ఇంకోసారి తిరుగుతూ, హాలు వెనక మెట్లు కనబడితే అటు దిగాను. ఓవర్‌కోటు కింద నుంచి ఆకుపచ్చ గద్వాల చీర అంచు కనబడింది. మెట్టు మీద కూర్చుని, చెప్పులు విడిచి, చలికి బిగిసిపోయిన పాదాలను అరచేతులతో రుద్దుకుంటోంది. నన్ను చూసి గబుక్కున లేచింది. "ఎమర్జెన్సీ వచ్చిందా? ఏమన్నా తిన్నారా?" అంది. నేను అరిచాను. టైమంటే లెక్కలేదన్నాను, ఊరి నుంచి తెచ్చి తప్పు చేశానన్నాను. దారిన పోయేవాళ్లు తిరిగి చూశారు. ఆమె ఒక్క మాట అనలేదు. మెల్లగా చెయ్యెత్తి పైకి చూపించింది. ఎత్తైన దిమ్మె మీద ఒక విగ్రహం. "ఆల్బర్టే కదండీ ఇతనూ?" అంది.

నిజమే. 1851లో ఆ దగ్గర్లోనే హైడ్ పార్క్‌లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్ గుర్తుగా నిలబెట్టిన ఆల్బర్ట్ అతను. ముందొకడు కూర్చుని, వెనకొకడు నిలబడి, నడుమ హాలు. ట్యూబ్, అంటే అక్కడి భూగర్భ రైలు, దిగి సొరంగం దారిలో నడిచి వచ్చినవాళ్లకు వెనక వైపు దారే తగులుతుంది. ఆమె నేను చెప్పిన చోటే, చెప్పిన టైముకన్నా ముందే వచ్చి నిలబడింది.

మేం లోపలికి పోయేసరికి సగం అయిపోయింది. దిలీప్ కుమార్ వచ్చి ఉర్దూలో లతా గారిని పరిచయం చేశారని పక్కవాళ్లు చెప్పారు. ఉర్దూ మీడియంలో చదువుకున్న మనిషి మీ అమ్మమ్మ, దిలీప్ కుమార్ మాట తీరంటే ప్రాణం. అదీ పోయింది. మిగతా సగం ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. పాటకు కరిగిందనుకున్నాను.

తర్వాత ఆ కచేరీ ఎల్పీ రికార్డులుగా వచ్చింది. కొని తెచ్చాను. హైదరాబాద్ వచ్చేసినప్పుడు సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చుకున్నాం. ఆదివారం పూట పెట్టేది. మొదటి చప్పట్లు రాగానే, "ఇదిగో, ఇప్పుడు మనం బయట తిరుగుతున్నాం" అనేది. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అనేది. నేను లేచి బాల్కనీలోకి పోయేవాణ్ని. నలభై అయిదేళ్లు, తప్పు నాదే అని ఒక్కసారి అనలేకపోయాను. ఇప్పుడు అనుకుంటే ఎవరితో అనాలి.

అందుకని, బిడ్డా, ఈ రోజే ఆ అమ్మాయికి చెప్పి నీ టికెట్టు నీ ఫోన్‌లోకి పంపించుకో. కాగితం మీద ప్రింటు తీసుకునే వీలుంటే అదీ తీసి సంచీలో పెట్టుకో. మిగిలిన ఇద్దరికీ కూడా అలాగే చేయించు. టికెట్టు మీద ఏ తలుపో నంబరు ఉంటుంది. "ఫలానా నంబరు తలుపు, ఇన్ని గంటలకు" అని నలుగురూ రాసుకోండి. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం దగ్గర కలుద్దామంటే ఏ విగ్రహమని అడగవూ? ఇదీ అంతే. చెప్పిన వేళకు ఎవరైనా రాకపోతే మెసేజ్ పెట్టి లోపలికి పొండి. వాళ్ల టికెట్టు వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి వెనక వస్తారు. ఆలస్యమైన పిల్ల మీద కసురుకోకండి. ఏమైందో ముందు అడగండి.

లోపలికి పోయాక తల పైకెత్తి చూడు. కప్పు కింద పుట్టగొడుగుల్లా గుండ్రటి పలకలు వేలాడుతుంటాయి. ఆ గోపురం వల్ల పూర్వం ఒకే స్వరం రెండుసార్లు వినబడేదట. 1969లో అవి వేలాడగట్టాక ప్రతిధ్వని తగ్గింది. నీ పక్కన నిలబడ్డవాళ్లలో ఏళ్ల తరబడి వస్తున్న ముసలివాళ్లు ఉంటారు, వాళ్లను అడిగితే ఎక్కడ నిలబడితే బాగా వినబడుతుందో చెప్తారు.

పరీక్ష ఉందనీ, చదువు పాడవుతుందనీ మీ అమ్మ అనొచ్చు. నేను మాట్లాడతాను తనతో. నేను గాంధీ మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు కాలేజీ బషీర్‌బాగ్‌లో ఉండేది. ఆ పక్కనే బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ ఉండేవారు. 1968 ఏప్రిల్‌లో అక్కడే పోయారు. అంత దగ్గర్లో ఉండి ఒక్కరోజు పోయి కూర్చోలేదు నేను, అనాటమీ పుస్తకం ముందేసుకుని. నువ్వు పో.

తిరిగి రావడం. కచేరీ అయ్యాక రాత్రికి రాత్రి కవెంట్రీ పోవాలనుకోకు. మీ నలుగురిలో లండన్‌లో ఉండే అమ్మాయి గదిలో పడుకుని పొద్దున బయల్దేరు. తప్పదంటే సౌత్ కెన్సింగ్టన్ నుంచి విక్టోరియా, అక్కడ లైను మారి యూస్టన్. చివరి బండి వేళ ముందే చూసి పెట్టుకో. ట్యూబ్‌లో మనుషులున్న పెట్టె ఎక్కు. గది చేరగానే ఫోన్ చెయ్, ఇక్కడ తెల్లవారుజామైనా సరే. నేను మేలుకునే ఉంటాను.

ఇంకొక్క పని. కొంచెం ముందుగా పోయి హాలు వెనక వైపు మెట్లు దిగు. నిలబడి ఉన్న ఆల్బర్ట్ కనబడతాడు. ఆ మెట్ల మీద ఒక నిమిషం కూర్చో. ఫోటో తీసి పంపు, విగ్రహం రాకపోయినా ఫర్వాలేదు, మెట్లు రావాలి.

తాతయ్య