మేనల్లుడికి ఉత్తరం: పాలసీ ఫారం నుంచి ఆసుపత్రి బిల్లు దాకా

చి॥ అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న, మా బావగారికి వచ్చే నెలలో హెర్నియా ఆపరేషన్ అన్నారని, ఈలోగా ఏదో ఒక హెల్త్ పాలసీ కట్టేస్తే పనికొస్తుందా అని అడిగావు. పనికిరాదు. గోదారి గట్టు తెగాక ఇసుక బస్తాలు కుట్టించినట్టు ఉంటుంది. కొత్త పాలసీలో మొదటి 30 రోజులూ యాక్సిడెంటుకి తప్ప దేనికీ డబ్బులివ్వరు. హెర్నియా, కంటి శుక్లాలు, మోకీళ్ళ మార్పిడి లాంటివాటికి చాలా పాలసీల్లో రెండేళ్ళు ఆగాలి. ముందునుంచే ఉన్న జబ్బులకైతే మూడేళ్ళ దాకా ఆపొచ్చు. 2024 ఏప్రిల్‌కి ముందు అది నాలుగేళ్ళు. "రేపే చేయించుకోవచ్చండి" అనే ఏజెంటు మాట వినకు.

ఈ ఆపరేషన్ వరకూ ముందు మీ ఆఫీసు గ్రూపు పాలసీ చూడు. చాలా కంపెనీలు తల్లిదండ్రుల్ని కూడా చేర్చనిస్తాయి, పాత జబ్బులకి మొదటిరోజు నుంచే కవరిస్తాయి. కానీ పేర్లు చేర్చే గడువు ఏడాదికోసారే ఉంటుంది, అది దాటిందేమో హెచ్‌ఆర్‌ని అడుగు. అది లేకపోతే మీ ఇంట్లో రైస్ కార్డు ఉంది కదా, ఆరోగ్యశ్రీ ఉండనే ఉంది. ఇప్పుడు ఆంధ్రలో దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ఆసుపత్రి గుమ్మంలో ఆరోగ్యమిత్ర, అంటే ఈ పథకం పని చూసే మనిషి, కూర్చునే బల్ల ఉంటుంది. అక్కడికెళ్ళి "ఆరోగ్యశ్రీ ఉందా" అని ఊరికే అడిగితే "ఉందండి" అంటారు. అలా కాదు, "ఈ ఆపరేషన్ ఈ ఆసుపత్రిలో మీకు ఉందా" అని అడగాలి. ఒకే ఆసుపత్రిలో గుండెకి ఉండి పొట్టకి లేకపోవచ్చు. 104కి ఫోన్ చేసినా చెబుతారు. మీ నాయనమ్మకి 70 దాటాయి కాబట్టి ఆవిడ పేరు మీద ఆధార్‌తో ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించు. 2024 అక్టోబర్‌లో మొదలైంది, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షలు.

ఇక ముందుముందుకి పాలసీ కట్టాలి, అది నిజం. మీ దంపతులకీ పిల్లలకీ ఒకటి, అమ్మానాన్నలకి విడిగా ఇంకొకటి తీసుకో. అందర్నీ ఒకే ఫ్లోటర్‌లో (ఇంటిల్లిపాదీ పంచుకునే పాలసీలో) వేస్తే అందరిలో పెద్దవాళ్ళ వయసుని బట్టి మొత్తానికి ప్రీమియం లెక్కేస్తారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా కట్టే హెల్త్ పాలసీలకి జీఎస్టీ లేదు. ఎవరైనా ఇంకా 18 శాతం కలిపి చెబితే కాగితం అడుగు.

ఫారం మాత్రం ఏజెంటు చేత నింపించకు. ఇదివరకు కాగితం మీద రాసేవారు, ఇప్పుడు ఫోన్లోనే నింపి ఓటీపీ అడుగుతారు. బీపీ, షుగరు, పాత ఆపరేషన్లు అన్న ప్రశ్నలన్నిటికీ చకచకా "నో" కొట్టుకుంటూ పోతారు, ప్రీమియం పెరిగితే బేరం పోతుందని. ఆ "నో"కి జవాబుదారీ నువ్వే, అతను కాదు. పాలసీ డాక్యుమెంటు వచ్చాక చివర జత చేసిన ప్రపోజల్ కాపీ, అంటే నువ్వు నింపిన ఫారం, తీసి ఒక్కో ప్రశ్నా చదువు. తప్పుంటే వెంటనే మెయిల్ రాసి దిద్దించు. అసలు పాలసీయే నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కిచ్చేయొచ్చు.

దీనికి జంటగా ఇంకో గొయ్యి ఉంది, ఆసుపత్రిలో డాక్టరు రాసే కేస్ షీటు. చాలా క్లెయిములు కూలేది ఇక్కడే. పేషెంటుని స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక డ్యూటీ డాక్టరు "బీపీ ఎప్పట్నుంచండీ?" అని అడుగుతాడు. మీ అమ్మ కంగారులో "ఎప్పట్నుంచోనండి, పదేళ్ళుంటాయి" అంటుంది. ఆయన "పదేళ్ళుగా బీపీ" అని ఒక్క ముక్క రాసుకుంటాడు. ఆ పేజీ స్కానై కంపెనీకి వెళుతుంది. మీ పాలసీ వయసు మూడేళ్ళు, ఫారంలో బీపీ లేదని ఉంది, ఇంకేముంది, "దాచిపెట్టారు" అని తిప్పికొడతారు. నిజానికి బీపీ బిళ్ళ మొదలెట్టింది రెండేళ్ళ కిందటే అయినా సరే, ఆ తర్వాత రుజువు చేసుకోవాల్సింది మీరు. అందుకని మొదటిసారి బిళ్ళ రాసిన చీటీ, తేదీ కనబడేలా, ఇంట్లో భద్రంగా ఉండాలి. అడిగితే ఆ తేదీయే చెప్పమను. డిశ్చార్జి సమ్మరీ టైపయ్యాక సంతకానికి ముందే జబ్బుల చరిత్ర రాసిన పేరా చదువు. తప్పు పడితే డాక్టరుగారి చేత దిద్దించి, సంతకం, స్టాంపు వేయించు. డిశ్చార్జి అయ్యాక దిద్దితే కంపెనీ వాళ్ళు అనుమానంగానే చూస్తారు. ఏకబిగిన 60 నెలలు కట్టిన పాలసీకి మాత్రం ఈ గొడవ లేదు. మోసం అని వాళ్ళు నిరూపిస్తే తప్ప దాచారన్న సాకుతో కాదనకూడదు. అందుకే రెన్యూవల్ ఒక్క ఏడాదీ తప్పనివ్వకు.

రూమ్ రెంటు సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. 5 లక్షల పాలసీలో రోజుకి 1 శాతం అని ఉంటే 5,000 గది దాకానే హక్కు. 8,000 గదిలో ఆరు రోజులుంటే తేడా 18,000 మనం పెట్టుకుంటే సరి అనుకుంటారు. లెక్క అలా నడవదు. గది బిల్లు 48,000, సర్జను, థియేటరు, నర్సింగు, విజిట్లు కలిపి 1,60,000, మందులు, పరీక్షలు, హెర్నియాకి లోపల వేసిన మెష్ (వల) కలిపి 72,000 అనుకో. మొత్తం 2,80,000. గదికి 30,000 ఇస్తారు. సర్జను వగైరాలకి కూడా అదే 8,000కి 5,000 లెక్కన, ఎనిమిదింట అయిదొంతులు కట్టి 1,00,000 ఇస్తారు. మందులు, పరీక్షలు, మెష్ ఈ కోతలో రావు కాబట్టి 72,000 పూర్తిగా వస్తుంది. అంటే 2,02,000. చేతి నుంచి 78,000! ఏసీ గదిలో టీవీ చూసినందుకు. వీలైతే రూమ్ రెంటు పరిమితి లేని పాలసీ చూడు. ఉన్నదే వాడాల్సి వస్తే పరిమితిలో ఉండే గది ఖాళీ లేదని ఆసుపత్రి చేత రాయించుకో. ఇంకో మెలిక: గదిని బట్టి సర్జను ఫీజు మారని ఆసుపత్రిలో ఆ కోత వేయకూడదు. మనవైపు చిన్న ఆసుపత్రులు చాలావాటిలో ఒకటే రేటు. "ఏ గదైనా చార్జీలు ఒకటే" అని లెటర్‌హెడ్ మీద రాయించుకుంటే పనికొస్తుంది.

చిన్న ఆసుపత్రి అంటే గుర్తొచ్చింది. చేరేముందు రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, మంచాలెన్ని అని చూడు. రిజిస్ట్రేషన్ లేనిచోట, పది లక్షల జనాభాకి లోపున్న ఊళ్ళలో కనీసం 10 మంచాలుండాలి, నర్సులూ డాక్టరూ రాత్రింబవళ్ళు ఉండాలి. అమలాపురమైనా పాలకొల్లైనా భీమవరమైనా ఆ లెక్కలోకే వస్తాయి. ఆర్ఎంపీ గారు ఇంటికొచ్చి పెట్టిన సెలైన్ బాటిళ్ళ బిల్లు ఎక్కడా చెల్లదు. ఆయన కారెక్కించి తీసుకెళ్ళిన ఆసుపత్రిలోనే చేరాలనీ లేదు. ఆ కారు ఏ కమీషన్ కోసమొచ్చిందో ఊళ్ళో అందరికీ తెలుసు.

ముందుగా అనుకున్న ఆపరేషన్ అయితే రెండు మూడు రోజుల ముందే, హఠాత్తుగా చేరితే 24 గంటల్లోపు టీపీఏకి (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకి) చెప్పాలి. క్యాష్‌లెస్, అంటే కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం, అడిగిన గంటలో జవాబివ్వాలి, డిశ్చార్జి రోజు ఫైనల్ బిల్లు అందిన మూడు గంటల్లో తేల్చాలి. ఇది 2024 నుంచి బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ పెట్టిన రూలు. ఆలస్యానికి ఆసుపత్రి అదనంగా వేస్తే కంపెనీయే భరించాలి. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఇన్సూరెన్స్ డెస్కులో కుర్రాడు సాయంత్రం నాలుగింటికి బిల్లు పంపితే ఆ మూడు గంటలు అప్పుడే మొదలవుతాయి. అందుకని ముందురోజు రాత్రే బిల్లు సిద్ధం చేయమని వెంటపడు. వార్డులో మిగిలిన ఇంజెక్షన్లు, సిరంజీలు ఫార్మసీకి రిటర్న్ వేయించు. అడక్కపోతే అవి బిల్లులోనే ఉండిపోతాయి.

గ్లవ్స్, మాస్కులు, డైపర్లు, బెల్టులు సాధారణంగా ఇవ్వరు. దానికి ప్రత్యేక రైడర్ (అదనంగా కట్టి తీసుకునే కవర్) ఉంటే వేరు. బిల్లులో "సర్జికల్ కిట్ 6,500" అని ఒక్క గీత మీద ఉంటే మొత్తం కొట్టేస్తారు. లోపల ఏమేం ఉన్నాయో విడగొట్టి రాయమంటే అందులో కుట్లు వేసే దారం లాంటివాటికైనా వస్తుంది.

క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిము పోలేదు. డబ్బు కట్టేసి తర్వాత అడగొచ్చు. డిశ్చార్జి సమ్మరీ, ఫైనల్ బిల్లు విడమరిచినది, కట్టిన రసీదులు, రిపోర్టులు, మెష్ డబ్బా మీది స్టిక్కరు, క్యాన్సిల్ చేసిన చెక్కు, అన్నీ ఒరిజినల్సే పంపాలి. ముందు జిరాక్సులు తీసి, స్పీడ్ పోస్టు చీటీ దాచు. మందుల షాపులో "ఎస్టిమేట్" అని ఇచ్చే పచ్చ కాగితం బిల్లు కాదు. పేషెంటు పేరు, బ్యాచి నంబరు, జీఎస్టీ నంబరు ఉన్నదే బిల్లు. కొబ్బరిచెట్టు మీంచో బండి మీంచో పడ్డ కేసైతే ఎంఎల్‌సీ (ప్రమాదం కేసని ఆసుపత్రి రాసే మెడికో లీగల్ కాగితం) కాపీ కూడా అడుగుతారు.

తిరస్కరిస్తే ఏ క్లాజు కింద అన్నది రాతపూర్వకంగా తీసుకో. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టు, 155255కి ఫోన్ చేసినా ఐఆర్‌డీఏఐ వాళ్ళ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో నమోదవుతుంది. నెల దాకా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో బీమా తగాదాలు తీర్చే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాయి. మన రెండు రాష్ట్రాలకీ, యానాం వాళ్ళకీ అదే ఆఫీసు. 50 లక్షల దాకా చూస్తారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కంపెనీ జవాబిచ్చిన ఏడాదిలోపు వెళ్ళాలి. కోపంగా నాలుగు పేజీలు రాయకు. తేదీలు, క్లాజు నంబరు, రావాల్సిన సొమ్ము, ఒక్క పేజీ చాలు.

ముందు చెల్లాయిని అడిగి బావగారి బీపీ మొదటి చీటీ వెతికించు. మీ పాత బీరువాలో కరెంటు బిల్లుల కింద కవర్లో ఉండాలి. దొరికితే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. తేదీ చూసి, ఫారంలో ఆ ప్రశ్న దగ్గర ఏం రాయాలో చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య