అట్ట మీద రాక్షసుడు, లోపల చుక్కలు

మీరడిగారు, మేం చెబుతున్నాం

పోయిన నెల అమెరికా పాత సైన్స్ ఫిక్షన్ పత్రికల అట్టబొమ్మలు నాలుగు వేశాం కదా, ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు వాటి మీదే. సినిమా ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెలదాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మీరు వేసిన బొమ్మల్లో ఆకాశం ఒకచోట పసుపు, ఇంకోచోట ఎరుపు. అమ్మాయిలేమో ఏ గ్రహం మీదైనా సగం బట్టల్లోనే ఉన్నారు. వేసినవాళ్లకి సైన్స్ తెలియదా, చదివేవాళ్లకి తెలియదులే అనుకున్నారా?
– డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: సైన్స్ చెప్పడం ఆ అట్ట పని కాదు తమ్ముడూ. అంగట్లో యాభై పత్రికల మధ్య వేలాడుతూ, దారిన పోయేవాణ్ణి ఆపి జేబులో చెయ్యి పెట్టించడం దాని పని. 1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 'అమేజింగ్ స్టోరీస్' మొదలుపెట్టాడు, వెల 25 సెంట్లు. ఆ మొదటి అట్ట వేసింది ఫ్రాంక్ ఆర్. పాల్. మీద పెద్ద శని గ్రహం, కింద మంచుదిబ్బల మీద ఇరుక్కుపోయిన ఓడలు, ముందు మంచు మీద జారుతూ ఆడుకుంటున్న మనుషులు, పత్రిక పేరేమో పెద్ద అక్షరంతో మొదలై చివరికొచ్చేసరికి చిన్నదైపోతుంది. పాల్ ఆర్కిటెక్చర్ చదువుకున్నవాడు, అందుకే అతని యంత్రాల్లో ప్రతి బోల్టూ కనిపిస్తుంది, నగరాలైతే నిజంగా కట్టొచ్చేమో అనిపిస్తాయి. మనుషులు మాత్రం తిరుపతి కొయ్యబొమ్మల్లా బిగుసుకుని నిలబడి ఉంటారు! 1927 ఆగస్టు అట్ట మీద మూడు కాళ్ల అంగారక యంత్రాలు చూడు, ఇప్పటికీ అంత భయంగా ఎవరూ వెయ్యలేదని నా లెక్క.

అమ్మాయిల సంగతి తర్వాతి కాలంలో వచ్చింది. 1940లలో 'స్టార్ట్‌లింగ్ స్టోరీస్', 'థ్రిల్లింగ్ వండర్ స్టోరీస్' అట్టలకి ఎర్ల్ బెర్గీ బొమ్మలు వేసేవాడు. గాలి లేని చోట హీరో స్పేస్ సూటులో, హీరోయిన్ ఇత్తడి బ్రాలో. లోపల కథలో ఆ అమ్మాయే ఉండకపోవచ్చు, అది వేరే సంగతి. చదివేవాళ్లు ఊరుకున్నారనుకునేవు, ఈ అట్టలు పట్టుకుని బస్సెక్కాలంటే సిగ్గేస్తోందని ఆ రోజుల్లోనే తిట్టిపోసేవాళ్లు.

ఆకాశం రంగు చూసి మాత్రం మరీ నవ్వకు. చెస్లీ బోన్‌స్టెల్ 1944లో 'లైఫ్' పత్రికకి, శని ఉపగ్రహం టైటాన్ మీద నిలబడి చూస్తే శని ఎలా కనిపిస్తుందో వేశాడు, చక్కటి నీలం ఆకాశం, అచ్చం ఫొటోలా. అప్పటికి తెలిసిన సైన్స్ అంతా చూసుకునే వేశాడు. 2005 జనవరిలో హైగెన్స్ నౌక అక్కడ దిగి చూస్తే ఆకాశం నారింజ రంగు, ఆ మబ్బులో శని కనిపించే ఆశే లేదు. పసుపు పూసిన వాళ్లే దగ్గరకొచ్చారు సామీ!

ప్రశ్న: కథ రాశాక బొమ్మ వేస్తారా, బొమ్మ వేశాక కథ రాస్తారా?
– గృహిణి, పుత్తూరు

జవాబు: మామూలుగా కథే ముందమ్మా. కానీ అట్ట ముందు వేయించి, దానికి సరిపోయే కథ రాసిపెట్టమని రచయితకి ఇవ్వడం కూడా ఆ పత్రికల్లో ఉండేది. గెర్న్స్‌బ్యాక్ దాన్ని ఏకంగా పోటీ చేసేశాడు. 1926 డిసెంబరు సంచికకి పాల్ బొమ్మ వేసి, ఇదేమిటో మీరే కథ రాయండి అని పాఠకులకి వదిలేశాడు, బహుమతులన్నీ కలిపి 500 డాలర్లు. మూడో బహుమతి క్లేర్ వింగర్ హారిస్ అనే ఆవిడకి వచ్చింది, తర్వాత ఆవిడ అదే పత్రికకి వరుసగా కథలు రాసింది.

ప్రశ్న: నేను తిరుపతిలో చాలాకాలం ట్రెడిల్ ప్రెస్ నడిపాను. మీరు చిన్నగా ఒక లోపలి బొమ్మ కూడా వేశారు, సన్నటి చుక్కలతో. అది హాఫ్‌టోన్ బ్లాకు అనుకున్నాను, భూతద్దం పెట్టి చూస్తే కాదు. చేత్తో పెట్టిన చుక్కలేనా?
– రిటైరైన ప్రెస్సు యజమాని, తిరుపతి

జవాబు: భూతద్దం పెట్టి చూశారా! మీలాంటి పాఠకులు ఇంకో పదిమంది ఉంటే చాలు పెద్దాయనా. చేత్తో పెట్టినవే. వర్జిల్ ఫిన్లే బొమ్మ అది.

మీకు నేను చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ల కోసం చెబుతాను. ఆ పత్రికలు అచ్చేసింది కొయ్యగుజ్జు కాయితం మీద, దొరికినవాటిలో అతి చవక రకం. దాని మీద హాఫ్‌టోన్, అంటే ఫొటోని సన్నటి చుక్కలుగా మార్చి చేసే బ్లాకు, వేస్తే కాయితం ఇంకు పీల్చేసి, చుక్కకి చుక్క అంటుకుని బొమ్మంతా నల్లమరక. అట్టకి మాత్రం నున్నటి కాయితం, అందుకే రంగులన్నీ అక్కడే. లోపల బొమ్మ వెయ్యాలంటే లైన్ బ్లాకు ఒక్కటే దారి, అంటే ఉంటే నలుపు, లేకపోతే తెలుపు, మధ్యలో బూడిదరంగు అనేది లేదు. చాలామంది గబగబా నాలుగు గీతలు గీసి ఇచ్చేసేవాళ్లు, వాళ్లకొచ్చే డబ్బుకి అదే ఎక్కువ.

ఫిన్లే ఒప్పుకోలేదు. 1935 డిసెంబరు 'వియర్డ్ టేల్స్'లో అతని బొమ్మలు మొదటిసారి వచ్చాయి, అప్పటికి 21 ఏళ్లు. ఇంత సన్నటి పని ఆ కాయితం మీద నిలుస్తుందా అని ఎడిటర్‌కే అనుమానమొచ్చి ముందు ఒకటి అచ్చేసి చూసుకున్నాడట. పాళీ ఇంకులో ముంచుతాడు, పాళీ మొన బొమ్మ వేసే అట్టకి తగలనివ్వకుండా ఇంకు బొట్టుని మాత్రం తాకిస్తాడు, చుక్క గుండ్రంగా పడుతుంది, పాళీ తుడుస్తాడు, మళ్లీ ముంచుతాడు. బుగ్గ మీద నీడ కావాలన్నా, పొగ కావాలన్నా ఇదే పని. నల్లటి చోట్లకి ఇంకో పద్ధతి ఉంది. తెల్లసుద్ద పూత ఉన్న అట్ట మీద నల్ల ఇంకు పూసి, మొనతో గీకితే కింది తెలుపు బయటికొస్తుంది, నక్షత్రాలూ వెంట్రుకలూ అలా గీకినవే. బట్టల్లేని అమ్మాయిని వేసినప్పుడు ఎక్కడెక్కడ బుడగలూ మెరుపులూ పెట్టాలో కూడా అతనికి బాగా తెలుసు లెండి.

నన్నడిగితే ఆ పత్రికల్లో అసలు బొమ్మలు లోపలివే. అట్టలకి ఇప్పుడు పోస్టర్లు వేసి అమ్ముతున్నారు, లోపలి బొమ్మల్ని పేజీ తిప్పేసి పోతున్నారు. మంచి కాయితం దొరికుంటే ఫిన్లే ఆ చుక్కలు పెట్టేవాడు కాదేమో.

ప్రశ్న: మా ఊళ్లో కలంకారీ నేర్చుకుంటున్నాను. ఈ పత్రికలకి ఆడవాళ్లు ఎవరూ బొమ్మలు వెయ్యలేదా?
– శ్రీకాళహస్తి నుంచి ఒక అమ్మాయి

జవాబు: వేశారమ్మా, అదీ మామూలుగా కాదు. 1930లలో 'వియర్డ్ టేల్స్' అట్టలు చాలాకాలం మార్గరెట్ బ్రండేజ్ చేతిలోనే ఉన్నాయి. సంతకం 'ఎం. బ్రండేజ్' అని ఉండేసరికి, అంత ధైర్యంగా వేసేవాడు ఎవడో మగాడే అనుకున్నారు పాఠకులు. ఆయిల్ రంగులు కాదు, పేస్టల్స్, అంటే వేలు తగిలితే చెరిగిపోయే సుద్దరంగులు. ఆవిడ ఉండేది షికాగోలో, 1938లో పత్రిక న్యూయార్క్‌కి మారింది. అంత సున్నితమైన బొమ్మల్ని అంత దూరం పంపడం కష్టమై, ఆవిడకి పని తగ్గిపోవడానికి అదీ ఒక కారణమైంది. అదే నీ కలంకారీ గుడ్డయితే మడిచి పోస్టులో వేసేదానివి!

ప్రశ్న: క్వీన్ బ్యాండ్ ఆల్బమ్ మీద రోబో బొమ్మ ఈ పత్రికల్లోదే అని మా ఫ్రెండ్ పందెం కాశాడు. నిజమా?
– తిరుపతి

జవాబు: పందెం ఇచ్చెయ్యి. 1953 అక్టోబరు 'ఎస్టౌండింగ్' అట్ట, వేసింది కెల్లీ ఫ్రీస్. అరచేతిలో చచ్చిపోయిన మనిషిని పెట్టుకుని దిక్కుతోచక చూసే రోబో. 1977లో బ్యాండు వాళ్లు అడిగితే ఆ మనిషి బదులు వాళ్లని పెట్టి అతనే మళ్లీ వేసిచ్చాడు.

ప్రశ్న: మనకి ఇలాంటివి లేవా?
– చంద్రగిరి

జవాబు: రాకెట్లు తక్కువ గానీ బొమ్మకోసం పత్రిక కొన్న రోజులు మనకీ ఉన్నాయి. 1947లో మొదలైన 'చందమామ'లో వడ్డాది పాపయ్య అట్టలు, శంకర్ వేసిన బేతాళుడు, దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్‌కి చిత్రా వేసిన రాక్షసులు. చిత్రా రాక్షసుణ్ణి ఆ అమెరికా అట్టల పక్కన పెట్టి చూడండి, మనవాడే గెలుస్తాడు.

ప్రశ్న: మా మామగారి పెట్టెలో పాత ఇంగ్లిష్ కథల పత్రికలు దొరికాయి. ముట్టుకుంటే అప్పడంలా విరుగుతున్నాయి. లామినేషన్ చేయిస్తే మంచిదా?
– ఉద్యోగిని, చిత్తూరు

జవాబు: వద్దండీ, అస్సలు వద్దు. చవక కాయితంలో ఉండే ఆమ్లమే దాన్ని లోపలినుంచి తినేస్తోంది, లామినేషన్ చేస్తే అది లోపలే ఉండిపోతుంది, మళ్లీ తీయలేరు. సెల్లోటేపు కూడా వద్దు. మన ఎండలకి అటక మీద పెట్టడమంటే పొయ్యి మీద పెట్టినట్టే, కిందికి దించి, వెలుతురు తగలని బీరువాలో పడుకోబెట్టి ఉంచండి, నిలబెట్టొద్దు. ముందు ఒక్కో పేజీ ఫోన్‌తో ఫొటో తీసేసుకోండి, మడత పూర్తిగా విప్పకుండా, తెరుచుకున్నంత మేరకే. పిన్నులు తుప్పు పట్టి ఉంటే లాగకండి. అట్టలు ఫొటో తీసి మాకూ పంపండి, ఏ పత్రికో ఏ ఏడాదిదో వచ్చే నెల చెబుతాం.